ఎవరి దస్తూరీ లేని కవర్లు

శనివారం కాబట్టి ఆఫీసు ఒంటిపూటే. అందరూ వెళ్ళిపోయారు, ఫ్యాన్లు ఆగిపోయాయి, మేడమ్ చివరగా వెళ్తూ ప్రింటర్ ఎంతసేపు కావాలంటే అంతసేపు వాడుకోమని చెప్పి నా భుజం తట్టి నవ్వింది. ఆ నవ్వులో ఈ వయసులో పెళ్ళేమిటన్న మాట ఉందో లేదో నాకు తెలియదు, ఉన్నా తప్పు పట్టను, అద్దం ముందు నిలబడితే నాకే అలాంటి నవ్వు వస్తోంది ఈ మధ్య. ఇప్పుడిక నేనూ, ఈ బూడిదరంగు పెట్టె, దాని పక్కన దొంతర పెట్టిన తెల్ల కవర్లూ. కిటికీ అవతల మా ఊరి పేరే ఉన్న ఇలోయిలో నది వానకి ఎర్రబడి బద్ధకంగా పోతోంది, రేవులో అవతలి దీవికి, బకోలోద్ వెళ్ళే పడవ కూత వేసింది, ఆ కూత వింటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నా చెయ్యి పని ఆపేస్తుంది, నా మొదటి భర్త ఎలాడియో ఆ పడవలోనే గుమాస్తాగా తిరిగేవాడు, కూత వినగానే నేను పొయ్యి మీద నీళ్ళు పెట్టేదాన్ని. ముందు ట్రే పలక కిందికి లాగాలి. లాగాను. రెండు పక్కలా ఉన్న నీలం పట్టీల్ని కవరు అంచులకి ఆనేలా జరపాలి, మరీ బిగిస్తే కవరు వంగిపోతుంది, వదులుగా వదిలేస్తే అడ్రసు ఏటవాలుగా పడుతుంది. కంప్యూటర్లో కాగితం సైజు దగ్గర కవరు అని ఎంచుకోవాలి, లేకపోతే ఈ మొద్దు పెట్టె పెద్ద కాగితమే వచ్చిందనుకుని చిరునామా సగం గాలిలో రాస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు, కంపెనీ ఉత్తరాలు ఎన్నో వేశాను దీని మీద, కానీ అవి కిటికీ కవర్లు, చిరునామా లోపలి కాగితం మీదే ఉండేది. కవరు మీదే అక్షరాలు వెయ్యడం ఇదే మొదలు.

మంచి కవర్లు పాడవకుండా ముందు మామూలు కాగితాన్ని కవరంత ముక్క కత్తిరించి, దాని మీద పెన్సిల్‌తో బాణం గుర్తు వేసి లోపలికి పంపాను, ఏ వైపు తల, ఏ వైపు కాళ్ళు తెలుస్తాయని. గరగరమని లాక్కుంది, ఆలోచించుకుంది, బయటికి తోసింది. అక్షరాలు తలకిందులుగా పడ్డాయి. మళ్ళీ తిప్పి పెడితే ఈసారి వెనక వైపు పడ్డాయి. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని రేడియో వింటున్న కాపలావాడు తెబాన్ మెడ సాచి చూశాడు.

"మనాంగ్ నీసింగ్, పెళ్ళికూతురు ఇలా మిషన్లతో కుస్తీ పట్టకూడదు, గోళ్ళు విరుగుతాయి."

మనాంగ్ అంటే మా దగ్గర అక్క. తెబాన్‌కి తనకంటే పెద్దవాళ్ళు కూడా మనాంగే, చిన్నవాళ్ళు కూడా మనాంగే.

"గోళ్ళు పోతే పోనీ, ముందు ఆ రేడియో గొంతు తగ్గించు."

"పెళ్ళిలో పందిని కాలుస్తారా లేదా చెప్పండి, తగ్గిస్తాను."

"నీ పేరున కవరు రావాలని ఉందా లేదా?"

రేడియో తగ్గింది. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే మూడో కాగితం పెట్టాను, ఈసారి అక్షరాలు ఎక్కడ పడాలో అక్కడ పడ్డాయి, నల్లగా, నిటారుగా, ఎండలో ఆరిన బట్టల్లా శుభ్రంగా. చేత్తో రాసుకోవచ్చు కదా, నీ దస్తూరీ ఎంత బాగుంటుంది అంది మేడమ్ పొద్దున. నిజమే, బాగుంటుంది, అదే వచ్చిన చిక్కు. నా దస్తూరీ నాది కాదు. ఆంతికేలో మా ఊళ్ళో ఉన్నప్పుడు కోడి కెలికినట్టు రాసేదాన్ని, పెళ్ళయి ఇక్కడి మోలో పేటకి వచ్చాక ఆ ఇంటి రాత నాకు అంటుకుంది. మా అత్తగారు బడి పంతులమ్మ, మోలోలో సగం మందికి అక్షరాలు దిద్దించింది ఆమే, ఇప్పటికీ బేకరీ వాడు అరువు చీటీ రాసినా, చర్చి ముందు కొవ్వొత్తులమ్మే ఆవిడ ధర రాసిపెట్టినా, కిందికి దిగిన తోక చివర చిన్న కొక్కెం కనబడుతుంది, అది ఆమె పెట్టిన కొక్కెం. ఎలాడియో అక్షరాలన్నీ ఆమెవే, కాకపోతే ఆమెవి బల్ల మీద సర్దుకు కూర్చున్నట్టుంటే అతనివి గాలికి పోతున్నట్టు ఉండేవి. మా పెళ్ళికి కవర్ల మీద పేర్లన్నీ అతనే రాశాడు. పెళ్ళి పనులకని నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు భోజనాల బల్ల మీద మైనపు గుడ్డ పరిచి, ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వేళ్ళు ఆరాయా లేదా అని నా బుగ్గకి తాకించి చూసి, అప్పుడు కలం పట్టేవాడు. పెళ్ళి కాకుండానే బుగ్గ ముట్టుకున్నాడని లోపల్నుంచి వాళ్ళమ్మ దగ్గేది. పంపేవాళ్ళ ఇంటిపేరు సుమగయ్‌సయ్‌లో మొదటి అక్షరం తెరచాప ఎత్తినట్టు గీసేవాడు, ప్రతి కవరు మీదా ఓ తెరచాప, ఆ బల్ల మీద ఆరబెట్టిన కవర్లన్నీ రేవులోంచి బయల్దేరబోయే పడవల్లా ఉండేవి. ఇప్పుడు నేను కలం పట్టి బెనిగ్నోతో నా పెళ్ళికి రమ్మని ఎవరి పేరు రాసినా ఆ తెరచాపే లేస్తుంది. ప్రయత్నించాను కూడా, ఒక కవరు రాసి చూసి చింపేశాను. అందుకే ఈ పెట్టె. దీని అక్షరాలు ఎవరివీ కావు. వీటికి తల్లీ లేదు, బడీ లేదు.

మొదటి అసలు కవరు పెట్టాను. దొంతర అంచుల్ని స్కేలుతో ఒత్తి చదును చేసి, విసనకర్రలా ఒకసారి ఆడించి, మూత నాలుక కిందికి వచ్చేలా పెట్టాను. లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చినప్పుడు ముసలి చెంపలా ముడతలు పడి ఉంది, పైగా లోపలి వేడికి జిగురు కరిగి మూత అంటుకుపోయింది. కార్డు పెట్టకముందే మూసుకుపోయిన కవరు. చేతిలో పట్టుకుని దాని వెచ్చదనం చూస్తూ కూర్చున్నాను. ఆ రోజుల్లో మూతలు అంటించే పని నాది. పళ్ళెంలో నీళ్ళు, గుడ్డ ముక్క పెట్టుకోమని అత్తగారు చెప్పింది, ఆమె అటు తిరగ్గానే మేం నాలుకతోనే తడిపేవాళ్ళం, ఒకటి అతను, ఒకటి నేను, తియ్యగా, కాస్త వెగటుగా ఉండేది ఆ జిగురు, సాయంత్రానికి ఇద్దరి నాలుకలూ మొద్దుబారి మాట తడబడుతుంటే వాళ్ళమ్మ మా ముఖాల్లోకి చూసి, "ఏం తాగారు ఇద్దరూ?" అంది. ఏం చెప్పాలో తెలియక ఎలాడియో నాలుక బయటపెట్టి చూపించాడు. ఆమె నవ్వు అప్పుడే మొదటిసారి విన్నాను. పంతులమ్మలు అలా నవ్వుతారని నాకు తెలియదు. తర్వాత ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, అతను ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో నవ్వు ధారాళంగా ఉండేది, కిడ్నీలు పాడై అతను మంచం పట్టాక కూడా నర్సుల్ని అనుకరించి నవ్వించేవాడు, పోయే ముందురోజు కూడా.

ముడతలకి కారణం పెట్టె వెనక తలుపు. గుర్తొచ్చింది. వెనక తలుపు తెరిస్తే లోపల రెండు ఆకుపచ్చ మీటలు ఉంటాయి, వాటిని కవరు బొమ్మ ఉన్న వైపుకి దించితే రోలర్లు కవరుని మరీ గట్టిగా నొక్కవు, తలుపు తెరిచే ఉంచితే కవరు వంపులు తిరక్కుండా నేరుగా వెనక నుంచి బయటికి వచ్చేస్తుంది. దించాను. ఈసారి వచ్చిన కవరు చదునుగా ఉంది. మూత విడిగానే ఉంది. హమ్మయ్య అనుకుని దాన్ని అరచేతిలో పెట్టుకుంటే రొట్టె ముక్కలా వెచ్చగా ఉంది. ఈ ఆఫీసులో నేను చేరినప్పుడు టైపు మిషను ఉండేది, కవరుని దాని నల్ల రోలు చుట్టూ తిప్పి, ఒక్కో అక్షరం కొడుతుంటే వరస చివర గంట మోగేది, ఆ గంటకి మధ్యాహ్నం కునుకు తీసే పెద్ద గుమాస్తా ఉలిక్కిపడి లేచి ఫైలు తిరగేసేవాడు, అందుకని నేను వరసలు పొట్టిగా కొట్టేదాన్ని. ఎలాడియో పోయిన నెలలోనే ఆ ఉద్యోగం దొరికింది. అంత్యక్రియలకి మా అన్నలు ఆంతికే నుంచి జీపు మాట్లాడుకుని వచ్చారు, వెళ్ళేటప్పుడు నన్ను తీసుకుపోదామని. నా బట్టలు మూట కట్టారు కూడా. అత్తగారు ఉండమనలేదు, వెళ్ళమనలేదు. వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది, నేను మూత తీసి చూశాను, అవి ఇద్దరికి సరిపడా బియ్యం. రేపు వస్తానని అన్నలతో అన్నాను. ఆ రేపు ముప్పై ఏళ్ళుగా రాలేదు. ఆ తర్వాత ఇంట్లో ఇద్దరమే. నేను ఆమెని నానాయ్ అంటాను, అమ్మ అన్నమాట, ఆమె నన్ను నీసింగ్ అంటుంది, లియోనీసా అని పూర్తి పేరు పెట్టి పిలిచిందంటే కోపం వచ్చిందని గుర్తు. ఆదివారం చర్చికి, బుధవారం సంతకి, సాయంత్రం వరండాలో కూర్చుని వచ్చేపోయే వాళ్ళ మీద చాడీలకి, అన్నిటికీ ఇద్దరం కలిసే ఉండేవాళ్ళం, ఆమె నడక తగ్గి మోకాలు మొరాయించాక చర్చికి తప్ప బయటికి రావడం మానేసింది, సంతలో ఏం చూశానో ఆమెకి పూసగుచ్చినట్టు చెప్పాలి, టమాటాల గురించి కూడా.

కవర్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. పేర్లు తెర మీద ఒక పట్టికలా పేర్చి పెట్టాను, ఒక్కో పేరూ ఒక్కో కవరు మీద పడుతోంది. మొదటి పెళ్ళికి పిలిచిన వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, మా అన్నల్లో పెద్దవాడు లేడు, గిటారు వాయించిన పొరుగాయన లేడు, పళ్ళేల నిండా వంటలు కట్టుకుపోయిన లావుపాటి పిన్ని లేదు. వాళ్ళ పిల్లల పేర్లు పడుతున్నాయి వాళ్ళ చోట. బెనిగ్నోవైపు వాళ్ళ పేర్లు కొత్త, ఇంకా నోరు తిరగడం లేదు. బెనిగ్నోని అందరూ ఇన్యోంగ్ అంటారు, హారో పేటలో బడి పిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ, భార్య పోయి చాలాకాలమైంది. నా ఆఫీసు పావడా నడుం వదులు చెయ్యమని ఏటా తీసుకెళ్ళేదాన్ని. "ఇంకో కుట్టు విప్పితే ఇక గుడ్డ మిగలదండీ, తర్వాత మీరే తగ్గాలి" అనేవాడు. మొన్న ఏప్రిల్‌లో నా నడుం చుట్టూ గుడ్డకి గుర్తులు పెడుతూ, నోటినిండా గుండుసూదులు పెట్టుకుని ఏదో గొణిగాడు. ఏమిటన్నాను. మళ్ళీ గొణిగాడు. సూదులు తీసి మాట్లాడమన్నాను. ఒక్కొక్కటీ తీసి దిండుకి గుచ్చుతూ, ఎర్రబడిపోతూ, "నాతో ఉంటారా అని అడుగుతున్నాను. రెండుసార్లు అడిగేశాను, ఇక మూడోసారి ధైర్యం లేదు" అన్నాడు. నేను ఆ సగం కుట్టిన పావడాతోనే నిలబడి ఉన్నాను. వీధిలో ఐసు బండి గంట మోగుతోంది. సరే అన్న మాట నా నోట్లోంచే వచ్చిందని నాకు తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఇంతకాలం నా లోపల అంత సిద్ధంగా ఉన్న మాట అది, నాకు చెప్పకుండా.

నానాయ్‌కి ఆ రాత్రే భోజనాల దగ్గర చెప్పాను. బెనిగ్నో గారు పెళ్ళి చేసుకుంటానన్నారు, నేను సరేనన్నాను అని. ఆమె తల ఎత్తకుండా, "పొయ్యి మీద చేప మాడుతోంది చూడు" అంది. నిజంగానే మాడుతోంది. తీసుకొచ్చి వడ్డించాను, మాడిన వైపు నేను తిన్నాను. అంతే. మళ్ళీ ఆ మాట ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. చర్చిలో ఫాదర్ మా పెళ్ళి ప్రకటన చదివినప్పుడు, లియోనీసా, ఎలాడియో సుమగయ్‌సయ్ భార్య, వితంతువు అని అంతమందిలో నా పేరు గోపురం దాకా వెళ్ళి తిరిగొచ్చినప్పుడు, పక్కన ఆమె చేతిలో విసనకర్ర ఆగలేదు, వేగం పెరగలేదు, తగ్గలేదు. ఆమె తిడితే బాగుండు అనుకున్నాను. ఏడ్చినా బాగుండు. ఇంటికొచ్చి టమాటాలు మెత్తబడ్డాయంది. తర్వాతి వారం బకోలోద్ నుంచి ఆడపడుచు ఫోను. "వదినా, నువ్వేం దిగులు పెట్టుకోకు. పెళ్ళయిన మర్నాడే అమ్మని ఇక్కడికి తీసుకొచ్చేస్తాం, ఆ ఇల్లు అద్దెకిచ్చేద్దాం" అంది. మంచిదే ఆ పిల్ల, మనసులో ఏమీ లేదు. కానీ ఫోను పెట్టేశాక అక్కడే కూర్చుండిపోయాను. బకోలోద్‌లో ఏసీ గదిలో నానాయ్, వీధిలో ఎవరూ పంతులమ్మా అని పలకరించని చోట. మరి ఇన్యోంగ్ దగ్గరికి తీసుకెళ్దామా అంటే అతనుండేది కొట్టు పైన మేడ గదిలో, నిచ్చెన లాంటి చెక్క మెట్లు, ఆమె మోకాలికి అవి కొండ. అయినా కొడుకు చోట వచ్చినవాడి ఇంట్లోకి వచ్చి ఉండమని ఏ తల్లిని అడగగలం? ఆమె ఇంట్లోనే నేను ఉండిపోయి ఇన్యోంగ్‌కి కుదరదని చెప్పాలా? ఆ మాటా అనుకున్నాను, ఒకసారి కాదు. అనుకున్నప్పుడల్లా సూదులు తీస్తూ ఎర్రబడిన ఆ ముఖం అడ్డం వస్తుంది.

మొదటి కట్ట అయిపోయింది. రెండో కట్ట పెట్టబోతూ చూసుకున్నాను, కవరు ఎడమ పక్క పై మూల ఖాళీగా ఉంది. ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో రాయాల్సిన చోటు. కార్డు అందాక వస్తామనో రాలేమనో జనం అక్కడికే కబురు పంపుతారు. తెర మీద ఆ చిన్న డబ్బాలో గీత మెరుస్తూ ఆగి, మెరుస్తూ ఆగి నన్నే చూస్తోంది. నా పేరు కొట్టాను. కింద మోలో ఇంటి నంబరు కొట్టడానికి వేళ్ళు వాటంతటవే పోయాయి, ఇన్నేళ్ళ అలవాటు కదా. తుడిపేశాను. అది ఎలాడియో ఇల్లు, ఎలాడియో తల్లి ఇల్లు, ఆ గడప మీద నిలబడి నా రెండో పెళ్ళికి రండర్రా అని ఎలా పిలుస్తాను, అదీ ఒక్క మాట మాట్లాడని మనిషి ముందు. చివరికి హారోలో దర్జీ కొట్టు చిరునామా కొట్టాను. తెలుపు మీద నల్లగా కనిపించింది. అబద్ధమేమీ కాదు, కొద్ది రోజుల్లో నేనుండేది అక్కడే. అయినా ఎవరో తెలియని ఆడమనిషి చిరునామా చూస్తున్నట్టు ఉంది. ఆపకుండా మీట నొక్కేశాను, అచ్చయిపోయిన కట్టని కూడా మళ్ళీ పెట్టి ఆ మూల నింపాను, ఆలోచించుకునే సందు ఇస్తే ఈ పని తెమలదు.

అప్పుడే గుమ్మం దగ్గర తెబాన్ కేక.

"మనాంగ్! ఎవరొచ్చారో చూడండి! అరెరె, జాగ్రత్తండీ, మెట్టు తడిగా ఉంది, నా చెయ్యి పట్టుకోండి."

"నీ చెయ్యి కూడా తడిగానే ఉంది. పక్కకి జరుగు."

ఆ గొంతు ఎక్కడున్నా నాకు తెలుస్తుంది. నానాయ్ గుమ్మంలో నిలబడి ఉంది. తడిసి ముద్దయింది, జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, చంకలో మాత్రం నా గొడుగు, మడత విప్పకుండా, పొడిగా. చర్చికి తప్ప గడప దాటని మనిషి. నేను పరిగెత్తాను, ఎలా వచ్చారు, ఎవరు తీసుకొచ్చారు, మోకాలు ఎలా ఉంది అని ఒకేసారి అన్నీ అడిగాను.

"గొడుగు మర్చిపోయావు."

"గొడుగు చేతిలో పెట్టుకుని తడిశారా నానాయ్?"

"నీకోసం తెచ్చాను, నాకోసం కాదు. కుర్చీ చూపించు."

మేడమ్ కుర్చీలో కూర్చోబెట్టాను, చక్రాలున్న కుర్చీ అది, కదిలితే ఉలిక్కిపడి బల్ల పట్టుకుంది. నా తువ్వాలుతో తల తుడిచాను, తుడవనిచ్చింది. ఆమె చూపు బల్ల మీదున్న కవర్ల మీదికి వెళ్ళింది. నా చేతులు ఆమె తల మీదే ఆగిపోయాయి.

"ఇవేనా నీ పెళ్ళి కవర్లు?"

పెళ్ళి అన్న మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. అవునన్నాను. ఒకటి తీసి, కళ్ళజోడు డబ్బాలోంచి తీసి పెట్టుకుని, బడిలో పలకలు దిద్దినప్పటిలాగే దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. 

"నిటారుగా ఉన్నాయి. వరస తప్పలేదు. మార్కులు వెయ్యొచ్చు," అంది. తర్వాత, "నాదేదీ?"

"మీకు కవరెందుకు నానాయ్, ఒకే ఇంట్లో ఉంటూ..."

"పిలవని పెళ్ళికి వెళ్ళే అలవాటు లేదు నాకు."

కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఆమె పేరు కొట్టాను, కాన్సోర్సియా సుమగయ్‌సయ్, అక్షరాలు తప్పు పోతున్నాయి, సరి చేసుకుంటూ కొట్టాను, కింద మోలో ఇల్లు. ఒక్క కవరు పెట్టి మీట నొక్కాను. పెట్టె గరగరమంటుంటే ఆమె చెవి దగ్గర పెట్టి వింది, కవరు వెనక నుంచి మెల్లగా బయటికి వస్తుంటే పురుడు చూస్తున్న మంత్రసానిలా వంగి అందుకుంది. వేడిగా ఉందని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. తన పేరు చదివింది. ఇల్లు చదివింది. అప్పుడు కళ్ళు ఎడమ మూలకి పోయాయి, అక్కడ ఆగిపోయాయి. నది మీద వాన పెరిగింది. నాకు ఆ చప్పుడే వినిపిస్తోంది.

"లియోనీసా."

పూర్తి పేరు.

"నువ్వు ఉండేది ఎక్కడ?"

"మోలోలో, నానాయ్."

"మరి ఇదేం రాశావు?"

"పెళ్ళయ్యాక ఎలాగూ..."

"పెళ్ళయ్యాక సంగతి అడగలేదు. పిల్ల పెళ్ళికి పిలుపు పిల్ల ఇంట్లోంచి వెళ్తుంది. నేను బతికుండగానే నిన్ను ఆ కొట్టులో పంట్లాల మధ్య నుంచి పంపించమంటావా?"

నేను నేల చూస్తూ నిలబడ్డాను. బడిలో ఆమె ముందు నిలబడ్డ పిల్లలందరూ ఎలా నిలబడేవారో అలా. "మీరేం మాట్లాడలేదు కదా, నానాయ్. ఇన్నాళ్ళూ ఒక్క మాట కూడా..." అన్నాను.

ఆమె కాసేపు కవరుని మోకాలి మీద పెట్టుకుని, వెచ్చదనానికి కాబోలు, అరచేత్తో అదిమింది.

"ఏం మాట్లాడను? వెళ్ళొద్దంటే పాపం. వెళ్ళమంటే ఇంట్లో ఎవరున్నారు? ఆ బకోలోద్ పిల్ల ఫోను చేసి ఏసీ పెట్టిస్తానంది. నాకు ఏసీ ఏమిటే, నేనేమైనా చేపనా?" తుమ్మింది. "అందుకని ఇవాళ పొద్దున నువ్వు ఇటు రాగానే హారో వెళ్ళాను."

"హారోనా? ఒక్కరూనా?"

"ట్రైసికిల్ వాడు నా దగ్గర రెండో తరగతి చదివాడులే. దర్జీ కొట్టు ముందు దింపాడు. మేడ మెట్లు చూశాను. రెండు ఎక్కేసరికి ఈ మోకాలు వద్దంది. ఆ మనిషినే కిందికి రమ్మన్నాను. హడలిపోయాడు పాపం, ఇస్త్రీ పెట్టె అలాగే వదిలేసి వచ్చాడు, ఎవరిదో చొక్కా మాడిపోయింది."

తెబాన్ రేడియో పూర్తిగా కట్టేసి వింటున్నాడని నాకు తెలుస్తోంది. విననీ అనుకున్నాను.

"ఏమన్నారు మీరు?"

"మన ముందు గది కిటికీ వీధి వైపుంది, సాయంత్రం దాకా వెలుతురు ఉంటుంది. పెళ్ళయ్యాక మన ఇంట్లోనే ఉందువు గాని, నీ మిషను తెచ్చి అక్కడ పెట్టుకో, కొట్టుకి అద్దె దండగ అన్నాను. బడి పిల్లలు మోలోలోనూ ఉన్నారు, వాళ్ళకీ పంట్లాలు చిరుగుతాయి అన్నాను. గుడ్డ పీలికలు ఇల్లంతా చెయ్యకూడదన్నాను. సూదులు నేల మీద పడితే ఊరుకోనన్నాను."

ముందు గది. ఎలాడియో ఆఖరి రోజుల్లో మంచం వేసిన గది. ఆ తర్వాత అక్కడ మంచం తీసేశాం కానీ ఇంకేమీ పెట్టలేదు, తలుపు తెరిచి ఊడవడం, మళ్ళీ మూసెయ్యడం, ఇన్నేళ్ళూ. ఆ కిటికీ తెరిచి ఎవరైనా కూర్చుంటే వీధిలోంచి కనిపిస్తారన్న సంగతే నేను మర్చిపోయాను. ఆమె మర్చిపోలేదు. ఈ నెలల మౌనమంతా ఆమె ఆ గదిని కొలుస్తూ కూర్చుందన్నమాట, వెలుతురు ఎటు పడుతుంది, మిషను ఎక్కడ పడుతుంది అని, నేనేమో విసనకర్ర వేగం చూస్తూ కూర్చున్నాను. నా కళ్ళు మసకబారాయి, కంప్యూటర్ వైపు తిరిగి, ఎడమ మూల డబ్బాలో దర్జీ కొట్టు తుడిపేసి, మోలో ఇల్లు కొట్టాను. అచ్చయిన కవర్లన్నీ దండగ. మిగిలిన ఖాళీ కవర్లు చాలకపోతే సోమవారం ఇంకో కట్ట కొనాలి. దిగులుగా లేదు. పాత కవర్లని తిరగేసి సంత చీటీలు రాసుకోవచ్చని నానాయ్ అప్పుడే వాటిని ఒక పక్కకి సర్దేస్తోంది.

"ఆయనేమన్నారు?" అని అడిగాను, వెనక్కి తిరక్కుండానే.

"ఏమంటాడు. నోరు తెరిచాడు, మూశాడు. తర్వాత టేపు తీసి నా కొలతలు తీసుకున్నాడు. పెళ్ళికి నాకు గౌను తనే కుడతాడట. భుజాలు వంగిపోయాయి కదా, ముందు కాస్త పొట్టిగా పెట్టు, లేకపోతే కాళ్ళకి అడ్డం పడుతుందని చెప్పాను. పని తెలిసినవాడే. ఏ రంగు గుడ్డ తియ్యమంటారని అడిగాడు."

ఆమె కళ్ళజోడు తీసి, ఒళ్ళో తడి గౌను కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నలుపు వద్దన్నాను."

ఎలాడియోని మట్టిలో పెట్టిన రోజు నుంచి ఆమె ఒంటి మీద నలుపు తప్ప మరో రంగు నేను చూడలేదు. ఆ నల్ల గౌన్లు ఉతికినవీ, నీడన ఆరేసినవీ, వెలిసిపోతే బొగ్గులాంటి రంగు కలిపి మళ్ళీ ముంచినవీ ఈ చేతులే. నేను వెనక్కి తిరిగి ఆమెనే చూస్తూ ఉండిపోయాను. మరి ఏ రంగు చెప్పారని అడగబోయాను.

"అలా చూస్తావేమే," అంది నానాయ్. "నీ మిషను ఖాళీగా ఉంది. కవర్లు పెట్టు."

పెట్టాను.